నాన్న లేపిన నేపాల్ అమ్మాయి

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా కోడలు టీవీ పెడితే, ఎక్కడో మంచుకొండల దేశంలో వికలాంగుల చలికాలపు ఆటలు జరుగుతున్నాయి. ఆటలు జరుపుతున్న ఆ దేశపు అమ్మాయే, ఒంటికాలి మీద, మంచు మీద జారే పలక ఒక్కటే కట్టుకుని కొండ మీంచి జారుకుంటూ వస్తూ మలుపు దగ్గర బోర్లా పడింది. చుట్టూ వేలమంది జనం, అంతా ఆమె మనుషులే, జెండాలు ఊపుతున్న చేతులు అలాగే ఆగిపోయాయి కానీ ఒక్కరూ తాడు దాటి రాలేదు. మా కోడలు ప్రాణం ఉసూరుమంది.

"అయ్యో, అంతమంది ఉండి ఒక్కళ్ళూ లేపరేంటత్తయ్యా? వాళ్ళ పిల్లే కదా!"

ఎందుకు లేపరో నాకు తెలుసు. చెప్పాలంటే నలభై ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి, ఆమెకు చూస్తే వంటింట్లో పాలు పొంగే వేళయింది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నేటిదాకా డైరీ రాయని రోజు లేదు నాకు. లెక్కల టీచరుగా అబ్బిన అలవాటో, పుట్టుకతో వచ్చిన చాదస్తమో, ఏడాదివారీగా అట్టలు వేసి బీరువాలో పేర్చి ఉంచాను. అయితే నేను చెప్పబోయే రోజు పేజీలో పొగమంచు బాగా ఉందనీ, మధ్యాహ్నం వంట ఏం చేశారనీ రాశానే తప్ప అసలు సంగతి రాయలేదు. రాసుకోకపోయినా మరిచిపోనివి కొన్ని ఉంటాయని మీకూ తెలుసు.

అప్పుడు మేము ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. నాన్న రైతుల పొలాల్లో పనిచేసేవాడు, ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మా చర్చి గుడిలో మొదటి చాప మీద కూర్చునేవాడు. నాకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చిన రోజులు. నా తర్వాత పుట్టిన చెల్లెలికి పసితనంలోనే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. తోలు పట్టీలు, ఇనప కమ్మీలు ఉన్న కాలిపర్ ఆ కాలికి తొడుక్కుని, చంకకర్రల మీద నడిచేది. మిరపకాయల కాలంలో అమ్మతోపాటు కూర్చుని ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే పనికి వెళ్ళేది, దాని చేతుల వేగానికి పక్కన కూర్చోవడానికి మిగతా ఆడవాళ్ళు భయపడేవాళ్ళు. మా ఊరికి దగ్గర్లోని మిషన్ కాంపౌండులో పోలియో పిల్లల హోం ఒకటి ఉండేది. వారానికి రెండు మూడు రోజులు అక్కడికి వెళ్ళి చదువూ, వ్యాయామమూ నేర్చుకునేది.

ఎక్కడికి వెళ్ళినా దాని వెనక అరడుగు దూరంలో నాన్న ఉండేవాడు. రెండు చేతులూ కొంచెం ముందుకు చాచి, పొయ్యి మీంచి దించిన కుండను ఎవరో మోసుకుపోతుంటే వెంట నడిచేవాడిలా నడిచేవాడు. కర్ర కాస్త జారిందంటే చాలు, అది నేలను తాకేలోపే ఎత్తేసేవాడు. అరుగుల మీది మగవాళ్ళు ఊరుకునేవాళ్ళా?

"ఒరేయ్, ఆ పిల్లకి కాళ్ళు నువ్వే అయితే కీళ్ళనొప్పులు ఎవరికొస్తయ్యిరా?" అనేవాడొకడు.

నాన్న నవ్వేసి నడిచిపోయేవాడు. అది మాత్రం నవ్వేది కాదు. నన్నొక్కసారైనా పడనివ్వు నాన్నా అని ఎన్నిసార్లు పోట్లాడిందో లెక్కలేదు. ఆ మాట నాన్న చెవికెక్కేది కాదు, కూతురు పడతానంటే ఏ తండ్రి వింటాడు!

ఆ హోం నడిపే డాక్టరమ్మగారు పొట్టి మనిషి, గొంతు మాత్రం గంటలా ఉండేది. చుట్టుపక్కల దేశాల్లోని ఇలాంటి హోములన్నీ కలిసి చలికాలంలో ఆటలపోటీలు జరుపుకునేవి, ఒక్కోసారి ఒక్కో దేశంలో. చలికాలమే ఎందుకంటే మన ఎండల్లో ఇనప కమ్మీలు కాలి, తోలు పట్టీల కింద ఒళ్ళు పొక్కిపోతుంది. ఆ ఏడు మన దేశం వంతు వచ్చింది, మన దేశంలో మా కాంపౌండు వంతు వచ్చింది. శ్రీలంక నుంచి, నేపాల్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి పిల్లలు వస్తున్నారని తెలిసి ఊరు ఊరంతా పెళ్ళివారి కోసం ఎదురుచూసినట్టు ఎదురుచూసింది. ఆటలు జరిపే దేశం ప్రతి పోటీలోనూ మనిషిని దింపాలనే నియమం ఒకటి ఉండేది. తమిళనాడు నుంచి రావాల్సిన పిల్లలు కొందరు జ్వరాలతో ఆగిపోవడంతో మన దేశం జట్టులో ఖాళీలు పడ్డాయి. అలా మా చెల్లెలు, మిరపకాయల ముచ్చికలు తీసే పిల్ల, చంకకర్రల పరుగులో భారతదేశం తరఫున నిలబడింది. దాని చొక్కా మీద దేశం పేరు మా ఊరి టైలరే కుట్టాడు. చివరి అక్షరం కాస్త పక్కకు ఒరిగిపోతే, పరుగెత్తేవాళ్ళ చొక్కా మీద అక్షరాలు కూడా పరుగెత్తాలి కదండీ అని సర్దిచెప్పాడు.

అసలు చిక్కు నేలతో వచ్చింది. మాది నల్లరేగడి, చలికాలానికి నెర్రెలు విచ్చుకుంటుంది. చంకకర్ర మొన ఆ నెర్రెలో దిగిందంటే మనిషి పడినట్టే. డాక్టరమ్మగారు తల పట్టుకుంటే, నాన్నా, మా మేనమామా ఆ పని తమకు వదిలెయ్యమన్నారు. వాళ్ళకు తెలిసిన చదునైన నేల ఒక్కటే, మిరపకాయలు ఆరబోసే కళ్ళం. గుడి వెనకున్న ఖాళీ స్థలంలో నెర్రెలు పూడ్చి, ఎర్రమట్టి తోలి, నీళ్ళు చల్లి, రాతి రోలరు దొర్లించి, ఊరి ఆడవాళ్ళ చేత పేడతో అలికించి, పొడుగాటి కళ్ళం ఒకటి తయారుచేశారు. గీతలు గీయమంటే ఆడవాళ్ళు ముగ్గుపిండితో గీశారు. గీసినవాళ్ళు ఊరికే ఉండలేక చివర పరుగు ముగిసే చోట పెద్ద పద్మం ముగ్గు పెట్టేశారు. శ్రీలంక నుంచి వచ్చిన మాస్టారు దాన్ని చూసి, ఇది తొక్కవచ్చా అని బెంగగా అడిగితే, తొక్కడానికే పెట్టామని మా అమ్మ ధైర్యం చెప్పింది.

తిండి సంగతి చెప్పకపోతే ఆ రోజులు పూర్తికావు. నేపాల్ పిల్లలకు కారం తక్కువ వేయమంటే మా వంటవాళ్ళు సగానికి సగం తగ్గించారు, ఆ సగానికే ఆ పిల్లల కళ్ళల్లో నీళ్ళు కారిపోయాయి. చివరికి పెరుగన్నంలో అరటిపండు కలుపుకుని తిన్నారు. ఇంటికి వచ్చినవాళ్ళు తిన్నాకే మనం తినాలని మన జట్టు పిల్లలు పంక్తిలో కూర్చోకుండా వడ్డనకు నిలబడితే, పరుగెత్తాల్సినవాళ్ళు ఖాళీ కడుపుతో తిరిగితే ఎట్లా అని డాక్టరమ్మగారు అందర్నీ కూర్చోబెట్టి కేకలేశారు.

ఇంతకంటే పెద్ద విషయం ఒకటి మా ఇంట్లో నలుగుతూ ఉంది. ఒంగోలులో కాలిపర్లూ, వాటికి తగ్గ బూట్లూ తయారుచేసే వర్క్‌షాపు కొత్తగా పెట్టారు. ఒక ఏడాది అక్కడుండి పని నేర్చుకుంటే అక్కడే ఉద్యోగం ఇస్తారు, చెల్లెల్ని పంపమని డాక్టరమ్మగారు అడిగారు. అది ఎగిరి గంతేసినంత పనిచేసింది. నాన్న ఒప్పుకోలేదు.

"అక్కడ పడితే ఎవరు లేపుతారండీ?" అన్నాడు. ఆయనకున్నది ఆ ఒక్క ప్రశ్నే.

డాక్టరమ్మగారు వాదించలేదు. పిల్ల పరుగు చూసి అప్పుడు చెప్పమన్నారు. నాన్న బాగా ఆలోచించి, కిందపడకుండా ఆ చివరికి చేరితే పంపుతానన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి చెల్లెలికి పతకం మీద ధ్యాస లేదు. పడకూడదు, అంతే.

పోటీ రోజు పొద్దున్నే పొగమంచు. చెట్ల మీంచి చుక్కలు చుక్కలుగా రాలుతోంది. మేమెవ్వరం ఆలోచించని సంగతి ఒకటి అప్పుడు బయటపడింది. మిరపకాయలు ఎండెక్కాక ఆరబోస్తారు కాబట్టి తెల్లవారుజామున కళ్ళం మీద ఎవరూ నడవరు, పరుగెత్తడం అసలే లేదు. పేడ అలుకు మీద మంచు పడితే అది సబ్బు రాసిన బండలా ఉంటుందని మాకు ఎవరికి తెలుసు! నాన్న ఊక తెచ్చి చల్లాడు, గోనెసంచులు పరిచి అద్దాడు. ఎండ రాకముందే మొదటి పోటీలు ముగించాలన్నది డాక్టరమ్మగారి పట్టు. పాస్టరుగారు మైకులో నియమాలు చదివారు. పరుగులో ఎవరైనా పడితే తమంతట తామే లేవాలి, బయటివాళ్ళు చెయ్యివేస్తే ఆ మనిషి పోటీలో లేనట్టే. అందరూ విన్నారు. నాన్న కూడా విన్నాడు. పరుగు ముగిసే చోట దారం పట్టుకుని నిలబడ్డ నాకు ఆయన తల ఊపడం కనపడింది.

విజిల్ వేశారు. చంకకర్రల చప్పుడు అంతమందివి ఒక్కసారిగా వినడం నాకదే మొదలు, నేల మీద జొన్నకంకులు కొడుతున్నట్టు ఉంది. అందరికంటే ముందు నేపాల్ అమ్మాయి వస్తోంది. పొట్టిగా, బుగ్గలు ఎర్రగా, రెండు కాళ్ళకూ కాలిపర్లు ఉన్నా గాలిలా వస్తోంది. వెనక శ్రీలంక అమ్మాయి, ఆ వెనక బంగ్లాదేశ్ అమ్మాయి, ఆ తర్వాత మా చెల్లెలు. తల వంచుకుని, ప్రతి అడుగూ చూసి వేస్తోంది. సరిగ్గా జనం ముందు కట్టిన తాడు వెనక నాన్న నిలబడ్డ చోటికి రాగానే నేపాల్ అమ్మాయి కర్ర సర్రున జారింది. ఆ పిల్ల పక్కకు పడింది.

నాన్న తాడు దాటడం, వంగడం, ఆ అమ్మాయిని కర్రలతో సహా ఎత్తి నిలబెట్టడం రెప్పపాటులో జరిగిపోయింది. నిలబెట్టి, మోకాలికి అంటిన మట్టి కూడా దులిపాడు. ఆ అమ్మాయి ముందు తెల్లబోయింది. తర్వాత నాన్న గుండె మీద పిడికిలితో గుద్దింది. ఏదో అరిచింది, వాళ్ళ భాషలో. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు. మా ఇంట్లో మా చెల్లెలు ఎన్నోసార్లు అన్న మాటే అది. నాన్నకూ అలాగే వినిపించి ఉండాలి. ఆయన చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి.

ఆ అమ్మాయి పోటీలోంచి పోయింది. శ్రీలంక అమ్మాయి మొదట వచ్చింది, బంగ్లాదేశ్ అమ్మాయి రెండు, మా చెల్లెలు పడకుండా మూడో స్థానంలో వచ్చింది. మూడో పతకం దానిదే. దారం దగ్గర నేను దాన్ని పట్టుకుని ఏడ్చేశాను. అంతలోనే గుంపులోంచి ఎవరో అన్నారు.

"భలే పని చేశాడ్రా. ముందున్న పిల్లని లేపేస్తే కూతురు ముందుకొస్తదని!"

నవ్వుతూ అన్న మాటే. కానీ కొందరు నవ్వలేదు. నేపాల్ పిల్లల వెంట వచ్చిన పెద్దామె మా వైపు చూసి మొహం తిప్పుకుంది. నాన్న వెళ్ళి గుడి వెనక మెట్టు మీద కూర్చున్నాడు, తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. బతుకంతా ఒకరిది ఒక గింజ కూడా ముట్టుకోని మనిషి.

మధ్యాహ్నం భోజనాలకు నేపాల్ అమ్మాయి రాలేదు. పెరుగన్నం, అరటిపండు పంపిస్తే విస్తరి అలాగే తిరిగి వచ్చింది. మా చెల్లెలు చంకకర్రలు అందుకుని డాక్టరమ్మగారి గదికి బయలుదేరింది. వెనక నడవడానికి ఆ పూట నాన్న లేడు. పరుగు మళ్ళీ పెట్టమని అడగబోతోందని తెలిసి మా మేనమామ దారికి అడ్డం నిలబడ్డాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? పడకుండా వచ్చావు, మీ నాన్న మాట నెగ్గావు. మళ్ళీ పరుగెత్తి పడితే ఒంగోలు లేదు, ఏమీ లేదు. తెలుసా?"

"తెలుసు మావయ్యా."

"మరి?"

"ఆ పిల్ల పొద్దుట్నించి ఏమీ తినలేదంట. మనింటికొచ్చి. నాకు మాత్రం ముద్ద ఎట్టా దిగుద్ది?"

"ఆ పిల్ల కోసమా, మీ నాన్నని నలుగురూ అన్నమాట కోసమా?"

కర్రతో ఆయన్ని పక్కకు జరగమని సైగ చేసింది. ఆయన జరిగాడు.

పరుగెత్తినవాళ్ళందరూ ఒప్పుకుంటేనే మళ్ళీ పెట్టడం కుదురుతుందన్నారు. అన్నిటికంటే కష్టం శ్రీలంక అమ్మాయిది, మొదటి పతకం మెళ్ళో ఉంది. ఆ అమ్మాయి ఆ పతకాన్ని ఒకసారి చూసుకుని, తీసి డాక్టరమ్మగారి బల్ల మీద పెట్టి, ఇందాక ఇంకా వేగంగా పరుగెత్తగలిగేదాన్ని, నేల జారుతోందని భయపడ్డానని చెప్పిందట. పాస్టరుగారు తెలుగులో చెప్పగానే అందరం చప్పట్లు కొట్టాం. బంగ్లాదేశ్ అమ్మాయీ సరేనంది.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక మళ్ళీ నిలబడ్డారు. కళ్ళం ఇప్పుడు ఆరి గట్టిపడింది. పొద్దుట చెరిగిపోయిన గీతల్ని ఆడవాళ్ళు మళ్ళీ వేశారు, ఈసారి బాగా కనపడాలని పిండి దట్టంగా పోశారు. నాన్నని మా మేనమామ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆ పట్టిన చెయ్యి వదల్లేదు.

ఈసారి చెల్లెలు తల వంచుకోలేదు. నిజంగా పరుగెత్తింది. సగం దూరం వచ్చేసరికి నేపాల్ అమ్మాయికి సరిగ్గా వెనకే ఉంది. అప్పుడు చెల్లెలి కర్ర మొన ఆ దట్టమైన ముగ్గుపిండి మీద పడింది. నేనూ చూశాను, నాన్నా చూశాడు. అది వెల్లకిలా పడింది, ఒక కర్ర దూరంగా దొర్లిపోయింది.

నాన్న లేచాడు. మా మేనమామ పట్టు విదిలించుకుని సగం లేచాడు. చెల్లెలు నేల మీంచే ఆయన వైపు చూసింది. నాన్న ఆ వంగిన నడుముతో అలాగే కాసేపు ఉండి, మెల్లగా కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

అది బోర్లా తిరిగింది. మోచేతుల మీద పాకి కర్రను అందుకుంది. కాలిపర్ మోకాలి దగ్గరి కొక్కేన్ని బిగించుకుంది. మంచి కాలు కిందికి మడిచి, ఒక కర్ర నిలువుగా నాటి, దాన్ని నిచ్చెన ఎక్కినట్టు చేతి మీద చెయ్యి వేసుకుంటూ లేచింది. నిలబడి, రెండో కర్ర చంకలో సర్దుకుని, జుట్టు మీద పడ్డ ముగ్గుపిండి దులుపుకుంది. హోంలో ఎప్పుడో నేర్చుకుందట. అది పుట్టినప్పటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే కంచంలో తిన్నాం, అది తనంతట తాను లేవడం మా ఇంట్లో ఒక్కరమూ చూడలేదు. చూసే వీలు మేము దానికి ఇవ్వలేదు.

నేపాల్ అమ్మాయి మొదట వచ్చింది. మా చెల్లెలు అందరికంటే ఆఖరున వచ్చింది, నేను పట్టుకున్న దారం అప్పటికే తెగి నేల మీద ఉంది. ఆటలు జరిపిన మన దేశానికి చంకకర్రల పరుగులో ఏ పతకమూ రాలేదు. కానీ ఆ అరుపులు, ఆ ఈలలు! రాత్రి వడ్డనలో నేపాల్ అమ్మాయి మా నాన్న ముందుకు విస్తరి పట్టుకుని వచ్చి, చూపించి మరీ, కారం పప్పుతో ఒక ముద్ద తిని, కళ్ళు తుడుచుకుని నవ్వింది.

మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను. పడకుండా చేరితేనే పంపుతానన్న మాట అందరికీ గుర్తుంది, చెల్లెలైతే అప్పటికే ఆశ వదులుకుని ముచ్చికల పనికి వెళ్ళిపోయింది.

"పడిందండి," అన్నాడు నాన్న. "లేచింది గూడానండి. ఒంగోలు ఎప్పుడు పంపమంటారు?"

పంపాడు. బస్సు దాకా వచ్చాడు, అయితే ఈసారి వెనక కాదు, పక్కన నడిచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు జేబులో, కాసేపు వీపు వెనక పెట్టుకోవడం చూసి నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

చెల్లెలు ఒంగోలులోనే ఉండిపోయింది. పిల్లల కాళ్ళ కొలతలు తీసి, తోలు కోసి, కమ్మీలు వంచి, వందలమందిని నిలబెట్టింది. ఏడాదేడాదికీ వచ్చే పిల్లలు తగ్గిపోతూ వచ్చారు. పోలియో చుక్కలు వచ్చాయి, పసిపిల్లల కొలత కాలిపర్లు అడిగేవాళ్ళు లేకుండా పోయారు, చివరికి ఆ విభాగమే మూసేశారు. తన పని లేకుండా పోయిన రోజున అంత సంతోషించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఇప్పటి పిల్లలకు ఆ ఇనప చప్పుడు ఎలా ఉంటుందో తెలియదు. తెలియకపోవడమే మంచిది. గుడి వెనక ఆ స్థలంలో ఇప్పుడు సిమెంటు గచ్చు, పేడతో అలికే చేతులూ లేవు. ఆ మూడు దేశాల పిల్లలు ఎక్కడున్నారో, నేపాల్ అమ్మాయికి మనవలు పుట్టారో ఏమో, ఉత్తరాలు కొన్నేళ్ళు నడిచి ఆగిపోయాయి.

నాన్న చివరి రోజుల్లో నడుం పట్టేసి మంచం మీంచి లేవడానికి చాలా అవస్థ పడేవాడు. మేమంతా పరుగున వెళ్ళి రెక్క పట్టుకుని లేపేవాళ్ళం. ఆదివారాలు ఒంగోలు నుంచి చెల్లెలు వస్తే మాత్రం, మమ్మల్ని ఆపి, మంచం పక్కన కర్రల మీద నిలబడి చూస్తూ ఉండేది. నాన్న పట్టెను పట్టుకుని, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ పట్టుకుని లేచేవాడు. లేచాక దాని వైపు ఎంత గర్వంగా చూసేవాడో!

ఇప్పుడా వయసు నాకు వచ్చింది. కుర్చీలోంచి కదిలితే చాలు, కోడలు ఒక పక్క, మనవడు ఒక పక్క వచ్చి లేపేస్తారు. ప్రేమతోనే లేపుతారు, నేనూ ఏమీ అనను. అందరికీ పనులున్నాయి, ఒక ముసలిది లేచేదాకా నిలబడే తీరిక ఈ రోజుల్లో ఎవరికుంది? చెల్లెలు వచ్చిన రోజున మాత్రం నా ఎదురుగా నిలబడి, "తొందరేం లేదులే అక్కా" అంటుంది. ఆ రోజు నేనే లేస్తాను.